నీళ్ళు కాచిన పుస్తకం

మొన్న ఆదివారం పొద్దున మా అపార్టుమెంటు సెల్లార్లో నీళ్ళ మెషీన్లు అమ్ముకునే ఒకాయన బల్ల వేశాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో టై. బాపట్ల ఉక్కపోతకు ఆ టై తడిసి చొక్కాకు అతుక్కుపోయింది. బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మా కుళాయి నీళ్ళు, రెండోదాంట్లో వాళ్ళ మెషీన్ నీళ్ళు. రెండూ తేటగానే ఉన్నాయి. ఇనప కడ్డీలు వేలాడుతున్న చిన్న పెట్టెను రెండు గ్లాసుల మీదా పెట్టి స్విచ్చి వేశాడు. కాసేపటికి మా కుళాయి నీళ్ళు పసుపు తిరిగి, ఎర్రబడి, చివరికి మురుగ్గుంట రంగులోకి దిగాయి. పైన మడ్డి తేలింది. వాళ్ళ నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

“చూశారుగా అమ్మా, మీరు రోజూ తాగేది ఇదేనండి,” అన్నాడు.

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మూడో అంతస్తులో ఉండే పెద్దాయన, ముప్పై ఏళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి, ఛీ ఛీ అంటూ ఫోనులో ఫోటో తీసుకున్నాడు. నాకూ అసహ్యం వేసింది, కాకపోతే ఆ గ్లాసును చూసి కాదు.

పైకి వెళ్ళి చిటికెడు ఉప్పు తెచ్చాను. వాళ్ళ గ్లాసులో వేసి, ఇప్పుడు పెట్టండి అన్నాను. మెషీన్ పాడైపోద్దండి అన్నాడు. నేను కదల్లేదు. పదిమంది చూస్తున్నారు కాబట్టి తప్పక స్విచ్చి వేశాడు. మా గ్లాసు కంటే తొందరగా వాళ్ళ గ్లాసులో మడ్డి దిగింది. ఆ మడ్డి ఇనప కడ్డీలు కరిగి వచ్చిన తుప్పు. ఉప్పు కలిసిన నీళ్ళలో కరెంటు పారుతుంది, ఏమీ లేని నీళ్ళలో పారదు. ఇంతే సంగతి, హైస్కూలు పాఠం. అదే చెప్పాను. ఆయన టై వదులు చేసుకుని, “ఉప్పులో కల్తీ ఉందండి అమ్మగారూ,” అన్నాడు. అందరూ తలలూపారు. కెమిస్ట్రీ పెద్దాయన దగ్గరికి జరిగి, అయితే మంచి ఉప్పు ఏదండి అని ఆయన్నే అడిగాడు.

మధ్యాహ్నానికి తొమ్మిది ఇళ్ళవాళ్ళు పేర్లు రాయించుకున్నారు. నేను పైకొచ్చి బాల్కనీలో కూర్చున్నాను. ఏ పనీ చేయబుద్ధి కాలేదు. తేటగా ఉంటే మంచివి, రంగు తేలితే చెడ్డవి. ఈ లెక్క నాకు కొత్త కాదు. ఈ లెక్క మీదే మా పిన్ని పోయింది. అందులో నా చెయ్యి కూడా ఉంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరితోనూ అనలేదు.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. నాన్నకు బదిలీ అయిన ఊళ్ళో ఇల్లు కుదిరేదాకా అని అంతకు ముందు ఏడే నన్ను అమ్మమ్మ దగ్గర దింపారు. రేపల్లెకు నాలుగు మైళ్ళ దూరంలో, కాలవ గట్టు మీద ఊరు. పెద్ద పెంకుటిల్లు, వెనక గొడ్ల చావిడి, చావిడి పక్కన స్నానానికి నీళ్ళు కాచుకునే రాగి కాగు. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య, నేను. ఎండాకాలం చివర్లో పిన్ని వచ్చింది. అమ్మకు చెల్లెలు. తొలి కాన్పుకు ఏడో నెల రాగానే పుట్టింటికి తీసుకొచ్చారు.

పిన్ని వచ్చాక ఇల్లు ఇల్లులా మారింది. మధ్యాహ్నాలు వసారాలో చాప మీద పడుకుని వారపత్రికలో సీరియల్ పైకి చదివేది. దుర్మార్గుడి మాటలు ముక్కుతో, మంచివాడి మాటలు గొంతుతో. ఆవిడ ఒళ్ళో ఎప్పుడూ గుప్పెడు పచ్చి బియ్యం ఉండేవి, నముల్తూ చదివేది. జాడీలోంచి ఉప్పేసిన చింతపండు ముద్దలు దొంగిలించి తెచ్చే పని నాది. జాడీ తరుగుతోందని అమ్మమ్మ పిల్లిని తిట్టేది. ఏ పిల్లి చింతపండు తింటుందో ఆవిడెప్పుడూ ఆలోచించలేదు. పిన్ని, నేను కళ్ళతోనే నవ్వుకునేవాళ్ళం.

మా వైపు బావి తవ్వితే ఉప్పునీళ్ళు పడతాయి. ఆ నీళ్ళలో కందిపప్పు ఎంతసేపున్నా బద్దలుగానే ఉంటుంది, సబ్బు నురగ రాదు. కాలవ నీళ్ళలో పప్పు వెన్నలా ఉడుకుతుంది. కాబట్టి కాలవ నీళ్ళు మంచివి. అమ్మమ్మ శాస్త్రం అక్కడితో పూర్తి. బురదగా ఉంటే దానికీ ఉపాయం ఉంది. ఇండుపగింజను సాన మీద అరగదీసి ఆ గంధం గంగాళంలో కలిపితే, తెల్లారేసరికి మట్టంతా అడుక్కు దిగి పైన నీళ్ళు తేరేవి. వాటిని తెల్లబట్టలో వడగట్టి ఇత్తడి బిందెలో పోసి మూత పెట్టేది. స్నానం చేయనిదే నన్ను కూడా ఆ బిందె దగ్గరికి రానిచ్చేది కాదు. అంత శుభ్రం మా అమ్మమ్మది.

ఇక ఆ కాలవ సంగతి. తింటూ చదివేవాళ్ళెవరైనా ఉంటే చెయ్యి కడుక్కుని రండి. ఎండాకాలం కాలవ కట్టేసేవాళ్ళు. రెండు నెలలు అడుగు ఎండి నెర్రెలిచ్చేది. పొద్దున్నే చెంబు పట్టుకుని గట్టుకెళ్ళే ఊరు ఊరంతా ఆ రెండు నెలలూ చాటు కోసం కాలవలోకే దిగేది. చచ్చిన కుక్క అందులోకే, కోడి ఈకలు అందులోకే, పురుటి గుడ్డలు అందులోకే. నీళ్ళొస్తే కొట్టుకుపోతాయిలే అనేవాళ్ళు. ఎక్కడికి పోతాయి? కింది ఊరి బిందెల్లోకి. పై ఊరివి మా బిందెల్లోకి. ఎగువన తెనాలి దాకా ఇదే వరస. ఇప్పుడు తలుచుకుంటే రోత పుడుతుంది. అప్పుడు ఎవరికీ పుట్టలేదు, అదీ నా బాధ.

బళ్ళు తెరిచిన వారానికి లాకుల దగ్గర్నుంచి సైకిలు మీద ఎవరో అరుచుకుంటూ వచ్చారు, కొత్త నీళ్ళొస్తున్నాయని. పిల్లలమంతా గట్టు మీద పరిగెత్తాం. కాలవలో నీటి మొన జానెడు ఎత్తున, ఎర్రటి నురగతో మెల్లగా పాకుతూ వచ్చింది. రెండు నెలల ఊరి మురికినంతా ముందుకు తోసుకుంటూ వచ్చింది. మేం దాంతో పోటీగా చప్పట్లు కొడుతూ పరిగెత్తాం. మట్టి వాసన గుప్పున కొట్టింది, ఆ వాసన ఇప్పటికీ ఇష్టమే నాకు, ఏం చేయను. ఆడవాళ్ళు రేవులో పసుపు కుంకుమ చల్లారు. అమ్మమ్మ తొలి బిందె ముంచి, గట్టు మీద కాస్త తేరనిచ్చి, పిన్నిని తూర్పుముఖంగా నిలబెట్టి దోసిట్లో పోసింది. కడుపుతో ఉన్న ఆడపిల్ల కొత్త నీళ్ళు తాగితే బిడ్డ ఏపుగా పుడుతుందని మా ఇంటి ఆనవాయితీ. పిన్ని మూడు గుక్కలు తాగి, నన్ను చూసి నవ్వి, తడి చేత్తో పొట్ట నిమురుకుంది.

ఆ ఏడే మా హైస్కూలుకు సైన్సు టీచరుగారు కొత్తగా వచ్చారు. తెనాలిలో పొద్దున ప్యాసింజరెక్కి రేపల్లె వచ్చి, అక్కడ బస్సు పట్టుకుని మా ఊరు చేరేవారు. లూథరన్ క్రైస్తవ కుటుంబం, తండ్రి కూడా బడిపంతులేనట. పొట్టి మనిషి, నూలు చీర, చేతిలో క్యారేజీ. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే వరండా అంతా చింతకాయ పచ్చడి వాసన.

ఆవిడ రాకముందు మా బళ్ళో సైన్సంటే రికార్డే. ప్రయోగాల గదికి తాళం ఉండేది. పరికరాలు పగిలితే ఎవరు సమాధానం చెప్పుకోవాలని గుమాస్తా ఆ తాళంచెవి ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ప్రయోగం చేయకపోయినా రికార్డు రాయాలిగా. పై తరగతి వాళ్ళ రికార్డు తెచ్చుకుని, అట్ట వేసుకుని, ఉద్దేశ్యము, పరికరములు, పద్ధతి, పరిశీలన, ఫలితము అని కింద గీతలు కొట్టుకుంటూ దించేసేవాళ్ళం. బొమ్మలు బాగా గీసే పిల్లకు గిరాకీ. మాస్టారు చివర సంతకం పెట్టేవారు.

టీచరుగారు మొదటివారం మా రికార్డులన్నీ తీసుకెళ్ళి చదివారు. నిజంగా చదివారు, అంతకు ముందు ఎవరూ ఆ పని చేసినట్టు లేదు. మర్నాడు వచ్చి, మీలో సోడా కొట్లో ఐసు ఎంతమంది చూశారని అడిగారు. అందరం చేతులెత్తాం. నీళ్ళలో వేస్తే ఏమవుతుందన్నారు. తేలుద్దండి అన్నాం.

“మరి నలభైమందీ ‘మంచుముక్క నీటిలో మునిగెను’ అని రాశారేంటి?”

 నేనే లేచాను. “రికార్డులో అట్టానే ఉందండి.”

ఎన్నేళ్ళ కిందట ఎవడు తప్పు దించాడో, అప్పట్నుంచీ మా బళ్ళో మంచుముక్క మునుగుతూనే ఉంది, కింద సంతకాలు పడుతూనే ఉన్నాయి. టీచరుగారు ముందు పడీపడీ నవ్వారు. తర్వాత ఆవిడ ముఖం ఎర్రబడింది. చూసింది రాయండి, చూడనిది రాయొద్దు, నా దగ్గర మార్కులు దానికే అన్నారు. మాకు ఇదేదో కొత్త కష్టం అనిపించింది.

గుమాస్తాతో పోట్లాడి ప్రయోగాల గది తెరిపించారు. అందులో మైక్రోస్కోపు దొరికింది. సాలెగూళ్ళు దులిపి, అద్దాన్ని కొంగుతో తుడిచి, ఒక శనివారం మధ్యాహ్నం దాన్ని మా ఇంటికి తెచ్చారు. మాది పెద్ద వసారా, తాతయ్య ఊళ్ళో మాట చెల్లే మనిషి, పదిమందీ వస్తారని. వచ్చారు కూడా, సినిమా వేస్తున్నట్టు. టీచరుగారు మా బిందె దగ్గరికి వెళ్ళి, మూత తీసి, చిన్న గాజు గొట్టంతో ఒక్క చుక్క నీళ్ళు తీసుకున్నారు. అమ్మమ్మ ముఖం మాడిపోయింది, నేను చూశాను.

ముందు తాతయ్య చూశాడు. ఒక కన్ను మూసి, రెండో కన్ను అద్దానికి ఆనించి, చటుక్కున వెనక్కి తగ్గి కన్ను కడుక్కోవడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి, పురుగులు ఆ అద్దంలోనే ఉన్నాయి, పాత సామాను కదా అన్నాడు. ఇంకో ముసలాయన తీరిగ్గా చూసి, చేపపిల్లల్లాంటివే, నీళ్ళన్నాక ఉండవా అన్నాడు. జనం నవ్వారు. పిన్ని చూసింది. చాలాసేపు చూసింది. లేచాక ఆవిడ నవ్వలేదు.

టీచరుగారు అమ్మమ్మతో మెల్లగా చెప్పారు. “ఇవి కనిపించేవి, అమ్మగారూ. ఈ అద్దానికి కూడా అందనివి ఇంకా ఉంటాయండి, అసలు జబ్బులు వాటితోనే వస్తాయి. నీళ్ళు మసల కాగితే అన్నీ చస్తాయి. అమ్మాయికి మటుకు కాచే ఇవ్వండి.”

“కాచిన నీళ్ళు జొరమొచ్చినోళ్ళకమ్మా. మా పిల్ల నిక్షేపంలా ఉంది,” అంది అమ్మమ్మ.

ఎండన పడి వచ్చిన మనిషికి మర్యాద చేయాలి కాబట్టి కొట్టు నుంచి గోలీసోడా తెప్పించారు. సోడా ఎందుకో నాకు తెలుసు. సీసా అయితే కొట్టువాడిదే, మన గ్లాసు ఇవ్వక్కర్లేదు. టీచరుగారికీ తెలుసనుకుంటాను. తాగేసి, వస్తానండి అని మైక్రోస్కోపు ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఆవిడ వీధి మలుపు తిరిగారో లేదో అమ్మమ్మ ఆ బిందె పెరట్లో బోర్లించింది. ఏం మనుషులో ఏంటో, చెయ్యి పెట్టేసింది అని గొణుగుతూ చింతపండుతో తోమి, బూడిదతో తోమి, మూడుసార్లు కడిగింది. కడిగి, మెరుస్తున్న ఆ బిందెను మళ్ళీ కాలవలో ముంచుకొచ్చింది.

ఈ ఒక్క దృశ్యం నా బుర్రలోంచి పోదు. ఊరి మలమంతా కలిసిన నీళ్ళకు రాని రోత, చదువుకున్న ఒక మనిషి గాజుగొట్టం ముంచితే వచ్చింది. దేన్ని చూసి అసహ్యించుకోవాలో కూడా ఎవరో ఒకరు నేర్పాలి. నేర్పడానికి వచ్చిన మనిషినే మావాళ్ళు అసహ్యించుకున్నారు. అమ్మమ్మ చెడ్డది కాదు, నాకు గోరుముద్దలు తినిపించిన చెయ్యి అది. అయినా ఆ పూట గుర్తొస్తే ఆ చేతిని కూడా క్షమించలేను.

సోమవారం టీచరుగారు మాకో పని పెట్టారు. ఒక్కొక్కళ్ళూ ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. ఇంట్లో నెలరోజులు తాగే నీళ్ళు కాచాలి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతసేపు మసిలాయి, ఎవరు తాగారు, ఎవరికైనా జబ్బు చేసిందా, అన్నీ రాయాలి. కాచని ఇళ్ళవాళ్ళు కాచలేదనే రాయాలి, అదీ లెక్కే అన్నారు. నెలాఖరున అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఊరికి దానంతటదే తెలుస్తుంది, నేను చెప్పక్కర్లేదు అన్నారు.

అమ్మమ్మ ససేమిరా అంది. పిన్ని నన్ను పక్కకు పిలిచింది. “నువ్వు కాచియ్యవే. ఆ అద్దంలో చూసినకాణ్ణించి గొంతు దిగట్లేదు నాకు. నువ్విస్తే తాగుతా.”

అట్లా ఆ పని నా చేతికొచ్చింది. బడి నుంచి రాగానే కాగు పొయ్యి మీద గిన్నె పెట్టి, ఒకటి నుంచి ఆరువందలు లెక్కపెట్టే దాకా మసలనిచ్చి, చల్లార్చి, పిన్ని చెంబులో పోసేదాన్ని. కాచిన నీళ్ళకు పొగ వాసన పట్టేది. పిన్ని ముక్కు మూసుకుని తాగేది. అయిదు రోజులు చేశాను. ఆరో రోజు మధ్యాహ్నం దాకా వాన. పుల్లలు తడిసిపోయాయి. ఊది ఊది కళ్ళు మండాయి, బయట పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. బిందెలో నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో. ఈ ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను. అవి చెంబులో ముంచి, చల్లగా ఉంటే తెలిసిపోతుందని వేడి బూడిదలో కాసేపు పెట్టి, గోరువెచ్చగా చేసి ఇచ్చాను.

పిన్ని తాగి, “ఇయ్యాళ పొగ వాసనే రాలేదే. బాగా కాచావు,” అని నా బుగ్గ పుణికింది.

ఇంకేం కావాలి నాకు. ఆ రోజు నుంచి రోజూ అంతే. చెంబు, బిందె, వేడి బూడిద. పిన్ని మెచ్చుకోలు, నాకు తొక్కుడుబిళ్ళ. నోటుబుక్కు మాత్రం ఆదివారం ఆదివారం కూర్చుని వారానికి సరిపడా రాసేదాన్ని. రోజూ ఒకే సమయం వేస్తే దొరికిపోతానని అయిదుంపావు, అయిదున్నర, అయిదూ ఇరవై అని మార్చేదాన్ని. ఒకరోజు నీలం సిరా, ఒకరోజు నల్ల సిరా. రికార్డు రాయడం మాకు చిన్నప్పట్నుంచీ వచ్చిన విద్య. మంచుముక్కను ముంచిన బడి పిల్లను నేను. టీచరుగారు నా పుస్తకం క్లాసంతా చూపించి, ఇదిగో ఇట్లా రాయాలి అన్నారు. ఎర్రసిరాతో బాగుంది అని రాసి, కింద గీత కూడా గీశారు.

శ్రావణం మొదట్లో ఒక పొద్దున పిన్ని కాటుక పెట్టుకుంటుంటే నేను పక్కనే అద్దం పట్టుకున్నాను. ఆవిడ కళ్ళలో తెల్లగా ఉండాల్సినచోట పసుపు. అప్పటికే కాలవ వెంట నాలుగైదు ఇళ్ళలో పచ్చకామెర్లు మొదలయ్యాయి. పిన్నికి అన్నం వాసన పడకుండా పోయింది. పచ్చి బియ్యం కూడా ముట్టలేదు. చింతపండు ముద్ద తెచ్చి చేతిలో పెడితే అలాగే పట్టుకుని పడుకుంది.

కామెర్లకు పసరు పోసే మనిషి చేబ్రోలు వైపు ఒక పల్లెలో ఉన్నాడన్నారు. కారు మాట్లాడుకుని వెళ్ళాం. అతను పిన్ని చేతులకు ఏదో రసం రాసి, మంత్రం చదువుతూ, సున్నపు తేట పోసి కడిగాడు. చేతుల మీద నుంచి పళ్ళెంలోకి చిక్కటి పసుపు నీళ్ళు కారాయి. చూశారా, కామెర్లు దిగిపోతున్నాయి అన్నాడు. అమ్మమ్మ ఏడుస్తూ దణ్ణం పెట్టింది. నా గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. పిన్ని ఒంట్లోంచి అదంతా పోతే, నా సంగతి కూడా పోయినట్టే కదా. ఉప్పు లేని పత్యం పెట్టి, వచ్చే ఆదివారం మళ్ళీ రమ్మన్నాడు. మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ పసుపు నీళ్ళే కారాయి.

ఆ సోమవారం సంబరంగా టీచరుగారికి చెప్పాను. ఆవిడ బడి వెనక మామిడి చెట్టు బెరడు కొంచెం గీకి, దంచి, ఆ రసం నా రెండు చేతులకూ రాశారు. కిళ్ళీకొట్టు నుంచి తెప్పించిన సున్నం నీళ్ళలో కలిపి తేర్చి పోశారు. నా చేతుల మీద నుంచి పసుపు నీళ్ళు కారాయి.

“నీకున్నాయా అమ్మా కామెర్లు?” అన్నారు.

సాయంత్రం బస్సు వదులుకుని మా ఇంటికొచ్చారు. ఈసారి అమ్మమ్మ ఆవిణ్ణి వసారా ఎక్కనివ్వలేదు. వాకిట్లో నిలబడే చెప్పారు, కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ జబ్బు చాలా చెడ్డది, ఇవాళే తెనాలి ఆస్పత్రికి తీసుకెళ్ళండి, నేనూ తోడు వస్తానని. దిగిపోతున్న జబ్బుకు ఆస్పత్రి ఎందుకన్నాడు తాతయ్య. బుధవారం మధ్యాహ్నం పిన్ని మాట తడబడింది. నన్ను చూసి అమ్మ పేరుతో పిలిచింది. అప్పుడు కారెక్కించారు. శుక్రవారం పొద్దున్నే అదే కారు తిరిగొచ్చింది. మగబిడ్డట. ఇద్దర్నీ ఒకే గుడ్డలో చుట్టి తెచ్చారు.

మా టీచరుగారు అనుకున్న నెలాఖరు వచ్చింది. నోటుబుక్కులన్నీ పక్కపక్కన పెట్టి చూసే పని ఆవిడ చేయకముందే ఊరు చేసేసింది. ఊళ్ళో అందరికంటే శ్రద్ధగా నీళ్ళు కాచిన ఇల్లు ఏది? మాది. పుస్తకంలో ఎర్రసిరాతో రాసుంది. పోయింది ఎవరు? ఆ నీళ్ళు తాగిన పిల్లే. కాచని ఇళ్ళలో గుండ్రాళ్ళలా తిరుగుతున్నారు, నెల్లాళ్ళు కాచినవి తాగిన పిల్ల పోయింది, అదీ ఆ టీచరమ్మ సైన్సు అన్నారు రేవులో. కాచుతున్న పది పన్నెండు ఇళ్ళవాళ్ళు కూడా ఆ వారమే మానేశారు. ఆ తర్వాత కాలవ వెంట ఇంకెంతమంది పసుపు కళ్ళతో పడుకున్నారో, అందులో ఎందరు లేవలేదో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే ధైర్యం నాకెప్పుడూ లేదు.

టీచరుగారు ఒక మధ్యాహ్నం నన్ను ప్రయోగాల గదిలోకి పిలిచారు. నా పుస్తకం ఆవిడ ఒళ్ళో ఉంది. ప్రతి పేజీ తిప్పి చూస్తున్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే ఉంటే బాగుండేది.

“అన్ని రోజులూ కాచావా నాన్నా?”

“కాచానండి.”

“మసలనిచ్చావా?”

“మసలనిచ్చానండి.”

సరే వెళ్ళు అన్నారు. పిన్ని తొలిరోజు తాగిన కొత్త నీళ్ళతో జబ్బు పట్టుకుందా, నేనిచ్చిన నీళ్ళతోనా అన్నది ఇప్పుడెవరూ చెప్పలేరు. తెలుసుకోవడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం ఆ పుస్తకం, దాన్ని నేను పాడుచేశాను. ఆవిడ పాఠాలు చెప్పకుండా ఇళ్ళ మీద పడుతున్నారని ఊరి పెద్దలు పైకి కాగితం పెట్టారు. మొదటి సంతకం మా తాతయ్యది. దసరా సెలవుల లోపే ఆవిణ్ణి చీరాల వైపు బదిలీ చేశారు. ప్రయోగాల గదికి మళ్ళీ తాళం పడింది. మా నోటుబుక్కులు సెంటర్లో పకోడీల బండికి చేరాయి. నూనె ఓడుతున్న ఒక కాగితం మీద అయిదూ ఇరవై, కాచితిమి అని నా దస్తూరీ నేనే చూసుకున్నాను. పకోడీ తినలేక పారేశాను.

పెద్దయ్యాక నేను సైన్సు టీచరును కాలేదు. ఆ మొహం నాకు లేదు. పోస్టాఫీసులో చేరాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు బాపట్ల వెళ్ళడానికి తెనాలి స్టేషన్లో నిలబడి ఉంటే ఎవరో చెయ్యి పట్టుకున్నారు. జుట్టు సగం నెరిసింది, అదే నూలు చీర. నన్ను గుర్తుపట్టి ఎంత సంతోషించారో. నువ్వే కదూ రోజూ నీళ్ళు కాచిన పిల్లవి అన్నారు. బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుని, క్యారేజీ మూతలో నాకు కూడా అన్నం పెట్టారు. చింతకాయ పచ్చడి. పట్టాల వైపు చూస్తూ అన్నారు.

“ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటానమ్మా. నువ్వు అంత శ్రద్ధగా కాచావు గదా, మరి ఆ అమ్మాయికెట్టా వచ్చిందా అని. నేను చెప్పినదాంట్లోనే ఎక్కడో తప్పుండుద్ది. ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ ఖచ్చితంగా చెప్పడానికి నోరు రాలేదు.”

క్యారేజీ మూత బెంచీ మీద పెట్టేశాను. రైలు వచ్చింది. వస్తానండి అని లేచి ఎక్కేశాను. కిటికీలోంచి చూస్తే ఆవిడ నవ్వుతూ చెయ్యి ఊపుతున్నారు. మళ్ళీ కనపడలేదు.

కింద సెల్లార్లో ఆ టై కట్టుకున్నాయన బల్ల మడిచి వెళ్ళిపోయాడు. నాకు అతని మీద కోపం తగ్గింది. ఇనప కడ్డీలతో అతను చేసింది, సున్నపు తేటతో ఆ పసరు మనిషి చేసింది, రెండు రకాల సిరాతో నేను చేసింది ఒకటే పని. అతనికి అది బతుకుదెరువు. నాకు తొక్కుడుబిళ్ళ. కెమిస్ట్రీ పెద్దాయన మెట్లెక్కుతూ మా తలుపు దగ్గర ఆగి, ఆ ఉప్పు సంగతి మీకెవరు చెప్పారమ్మా అని అడిగితే, మా టీచరుగారండి అన్నాను. అదృష్టవంతులు, మంచి శిష్యురాలు దొరికింది ఆవిడకు అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. 

టీచరుగారూ, మీ పాఠంలో తప్పు లేదండి. మీరు ఆ గదిలో అడిగినప్పుడు నేను రెండు మాటలు చెప్పి ఉంటే సరిపోయేది. ఇప్పుడు చెబుతున్నాను, వినడానికి మీరున్నారో లేరో తెలియకపోయినా.

లేదండి. కాచలేదండి.